బీరువాలో మైకు

మొదటి రోజు పొద్దున ఐదున్నరకు ఆ గదిలో ఉన్న మనుషులు ముగ్గురు: మా మేనత్త, కింది వాటాలో ఉండే యువకుడు, నేను. ఉన్న వస్తువులు: తలుపులు బార్లా తెరిచిన ఇనుప బీరువా, దాని ముందు ప్లాస్టిక్ కుర్చీ, బీరువా లోపలికి మెడ వంచి నిలబడ్డ స్టాండు, దానికి ఒక మైకు, మైకుకు కరెంటిచ్చి కంప్యూటరుకు కలిపే చిన్న పెట్టె, నా ల్యాప్‌టాప్, మంచినీళ్ల చెంబు, అట్ట ఊడిన గైడు ఒకటి. బీరువాలో హ్యాంగర్లకు పద్నాలుగు పట్టుచీరలు, మామయ్య పోయాక ఎవరూ తొడగని రెండు ఉన్ని కోట్లు, ఆ కోట్లకు పురుగు పట్టకుండా అత్త అక్కడక్కడ వేసిన తొమ్మిది డాంబర్ గోలీలు. కొత్త పని ఏది మొదలుపెట్టినా ఎదురుగా ఉన్నవన్నీ నోట్‌బుక్కులో రాసుకోవడం నా అలవాటు. అందుకే గోలీల సంఖ్యతో సహా చెప్పగలుగుతున్నాను.

"బీరువల తలకాయ వెట్టి పాఠం చెప్పుడేందిరా? ముప్పై ఏండ్ల సర్వీసుల గిట్లాంటి క్లాస్‌రూమ్ చూడలే" అంది అత్త.

"బ్యాక్ బెంచోళ్లు హ్యాంగర్లకు వేలాడుతున్నరా మేడమ్?" అన్నాడు కింది వాటా యువకుడు.

"చీరలు బుద్ధిగనే ఉన్నయి. నువ్వే అల్లరి చేస్తున్నవు, చిన్న సారూ."

అత్త అతన్ని అలాగే పిలుస్తుంది. ఆమె రిటైరైన టీచరు, అతను ఒక ప్రైవేటు బడిలో కొత్తగా చేరిన టీచరు. నేనూ ఇక్కడ అతన్ని చిన్న సారు అనే రాస్తాను.

మా అమ్మానాన్నలు ఉండేది బొల్లారంలో. నా ఆఫీసు బేగంపేటలో కాబట్టి, ఉద్యోగం వచ్చినప్పటి నుంచి బోయిగూడలో అత్త దగ్గర ఉంటున్నాను. చదివింది ఎలక్ట్రానిక్స్, చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే, ఇతరులు చేసినదానిలో తప్పులు వెతికి, వరుస నంబర్లు వేసి పంపడం. చిన్న సారు కింది వాటాలో అక్కాబావల దగ్గర ఉంటాడు. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. మెట్లెక్కి మా గుమ్మం దాకా చేతికర్ర లేకుండా వస్తాడు, కానీ నేను గుమ్మం దగ్గర చెప్పులు అడ్డదిడ్డంగా విడిస్తే మాత్రం ఊరుకోడు.

ప్రభుత్వ టీచరు కావాలంటే ముందు అర్హత పరీక్ష గట్టెక్కాలి. నూట యాభై మార్కులు. ఏ రిజర్వేషనూ లేనివాళ్లకు తొంభై వస్తే పాస్, చూపు లేనివాళ్లకు అరవై వస్తే చాలు. చిన్న సారుకు ఆ అరవై అక్కర్లేదు. వాళ్ల బడి స్టాఫ్‌రూములో ఎవరో, "నీకేం సారూ, తక్కువ మార్కులకే ఇచ్చేస్తరు" అన్నారట. ఆ సంగతి మాకు నవ్వుతూనే చెప్పాడు. చెప్పాక నవ్వడం ఆపి, "నాకు తొంభై కావాలె మేడమ్. తొంభై ఒకటి సుత వద్దు" అన్నాడు.

అందరూ చదివే గైడులో ముప్పై ఆరు పాఠాలు. దాని ఆడియో ఎక్కడా దొరకదు. ఫోనుతో పేజీని ఫోటో తీస్తే చదివిపెట్టే యాప్ అతని దగ్గర ఉంది. కానీ ఆ పలచటి కాగితం మీద వెనక పేజీ అక్షరాలు కూడా పైకి కనిపిస్తాయి. యాప్ రెండు పేజీలనూ కలిపి చదివేది. మొఘలుల పన్నుల విధానం మధ్యలో పోషకాహార లోపాలు వచ్చేవి. పరీక్షకు నలభై రోజులుంది. రోజూ అత్త ఒక పాఠం చదవాలి, నేను రికార్డు చేసి అతని ఫోనుకు పంపాలి. ముప్పై ఆరు పాఠాలు, నలభై రోజులు. నాలుగు రోజులు మిగులు పెట్టి పట్టిక గీశాను.

మైకు నాదే. సాంకేతిక పాఠాల వీడియోలు చేద్దామని ఏడాది క్రితం కొన్నాను. రెండు వీడియోలు చేశాను. రెండింటినీ కలిపి చూసినవాళ్లు నలభై మంది, వాళ్లలో ఐదుగురు మా ఇంటివాళ్లు. మైకు మాత్రం మంచిది. కండెన్సర్ రకం. లోపల ఉల్లిపొర కంటే పలచటి పొర ఒకటి ఉంటుంది. ఎంత చిన్న శబ్దానికైనా అది కదులుతుంది. దాని గొప్పా అదే, బోయిగూడలో దాని ఇబ్బందీ అదే. మా సందులో ఏ శబ్దం ఎప్పుడు వస్తుందో రెండు రోజులు రాసి చూశాను. ఆరుంబావుకు నీళ్ల మోటారు. ఆరున్నర నుంచి ఎదురింటి కుక్కరు, నాలుగైదు విజిల్స్. ఏడింటికి బడి ఆటోలు. రైలు కూతలకు వేళ లేదు. ఐదున్నర నుంచి ఆరుంబావు దాకా ఉన్న నలభై ఐదు నిమిషాలే కొంచెం నిశ్శబ్దం. గది గోడలకు తగిలి తిరిగొచ్చే మోతను బట్టలు పీల్చుకుంటాయని బీరువా తలుపులు తెరిపించాను. మామయ్య కోట్లను రెండు పక్కలకు జరిపి మధ్యలో మైకు నిలబెట్టాను.

అత్త గొంతు అరవై మంది పిల్లలకు వినబడాల్సిన గొంతు. మొదటి వాక్యానికే కంప్యూటరులో శబ్దం ఎంతుందో చూపే గీత ఎర్రబడింది.

"అత్తా, జెర మెల్లగ. మైకు నీ ముందటే ఉంది."

"దీనికి చెవుడు గాదా?"

"కాదు. నువ్వు గుటక మింగినా వింటది."

"అమ్మో, మా హెడ్‌మాస్టర్ లెక్కనే ఉందిది."

నోటికీ మైకుకూ మధ్య జానెడు దూరం ఉండాలన్నాను. ఆమె జానతో కొలిచింది. నా జానతో కొలవాలన్నాను, ఆమె చెయ్యి చిన్నది. మైకు నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు ఉండాలి, లేకపోతే 'భ', 'ఫ' లాంటి అక్షరాల దగ్గర నోటి గాలి నేరుగా తగిలి ఢమ్మంటుంది. మొదటి పాఠమే భారతదేశ భౌగోళిక స్వరూపం. పేరులోనే రెండుసార్లు ఢమ్మంది. ఎంబ్రాయిడరీ రింగుకు పాత నైలాన్ చీర ముక్క బిగించి మైకు ముందు కట్టాక ఆ బాధ పోయింది.

నేను పంపిన మొదటి పాఠం విని చిన్న సారు సాయంత్రం పైకి వచ్చాడు. అతను వినేది మామూలు వేగంతో కాదు, రెండున్నర రెట్లతో. నాకు వినిపిస్తే తేనెటీగల తుట్టె కదిలినట్టుంది. అతను మాత్రం మధ్యలో ఆపి, "ఇక్కడ మేడమ్ పేజీ తిప్పింది. ఇక్కడ నువ్వు కుర్చీల కదిలినవు అన్నా. ఇక్కడ ఎవరో ఆవలించిన్రు, అది సుత నువ్వే" అన్నాడు. ఒక్కో పాఠం నాలుగుసార్లు వింటానని చెప్పాడు. బడికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి, తిన్నాక రెండుసార్లు.

పదిహేడు రోజుల్లో పదిహేను పాఠాలయ్యాయి. ఒక రోజు అత్తకు జలుబు, ఒక రోజు కరెంటు లేదు. పని అవగానే మైకు మీద దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు వేసి, స్టాండుతో సహా లోపలికి జరిపి బీరువా తలుపులు మూసేవాణ్ని. ఖరీదైన వస్తువును అంతకంటే భద్రంగా ఎవరూ ఉంచరని నా నమ్మకం.

పద్దెనిమిదో రోజు ఆయుధ పూజ. రికార్డింగు లేదు. నేను స్నానం చేసి వచ్చేసరికి హాల్లో పీట మీద అన్నీ వరుసగా ఉన్నాయి: కుట్టు మిషను, కత్తెర, కత్తిపీట, నా స్క్రూడ్రైవర్ల పెట్టె, ల్యాప్‌టాప్, చిన్న సారు చేతికర్ర. మధ్యలో, అన్నిటికంటే ఎత్తుగా, స్టాండుతో సహా మైకు. ల్యాప్‌టాప్‌కు ఒక్క చుక్క పెట్టిన అత్త, మైకుకు మాత్రం జాలీ చుట్టూ తడి పసుపు పూసి, పైన కుంకుమ దట్టంగా పెట్టి, పువ్వు గుచ్చింది. కర్పూరం వెలుగుతోంది. ఆ పొగ తిన్నగా జాలీలోకి పోతోంది.

"అత్తా! ఏం చేసినవు?"

"ఏం చేసిన? పూజ చేసిన."

"మైకుకు పసుపు పెడ్తరా ఎవరైనా? అది గొడ్డలా, గునపమా? లోపల పొర ఉంటదని చెప్పిన గద!"

"వాని పరీక్ష దీంతోనే గదరా. అన్నిటికి వెట్టి దీనికి వెట్టకుంటె ఎట్ల?"

నేనింకా నాలుగు మాటలు అన్నాను. అవి ఇక్కడ రాయను. తడి గుడ్డతో జాలీ తుడిచాను. పసుపు మరక పోలేదు. తరవాత ఒక కాగితం మీద ఏడు నిబంధనలు రాసి బీరువా తలుపుకు అంటించాను. మైకును నేను తప్ప ఎవరూ ముట్టరాదు. తడి చేతులతో దగ్గరికి రారాదు. నోటితో ఊదరాదు, వేలితో కొట్టి చూడరాదు. పొగ, అగరుబత్తి, సాంబ్రాణి నిషేధం. ఇలా ఏడు. అత్త కళ్లజోడు పెట్టుకొని కాగితం మొత్తం గట్టిగా చదివింది.

"ఎనిమిదోది రాయలే. మేనత్తను లోపల వెట్టి తాళం వెయ్యవలెను" అంది.

అప్పుడు ఇద్దరమూ నవ్వలేదు.

పంతొమ్మిదో రోజు పదహారో పాఠం రికార్డు చేశాం. హెడ్‌ఫోన్సులో వింటే, అత్త మాటల వెనక కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట. పాఠం పొడుగునా ఉంది. పనికిరాదు. నేను హెడ్‌ఫోన్సు తీసి అత్త చేతికిచ్చాను. ఆమె ఒక నిమిషం విని, తీసి టేబుల్ మీద పెట్టి, వంటగదిలోకి వెళ్లింది. ఆ సాయంత్రం తనే మెట్లు దిగి వెళ్లి చిన్న సారుతో, "నేను పసుపు వెట్టి మైకు ఖరాబు చేసిన సారూ, నీ పాఠాలు ఆగిపోయినయి" అని చెప్పి వచ్చిందని నాకు మర్నాడు తెలిసింది.

తరవాత ఏడు రోజులు పోయాయి. ఎలా పోయాయో నా నోట్‌బుక్కులో ఉంది. మొదటి రోజు తీగలన్నీ ఊడదీసి మళ్లీ బిగించాను. రెండో రోజు కొత్త తీగ కొన్నాను. మూడో రోజు తేమ పోతుందని మైకును బియ్యం డబ్బాలో పెట్టాను. నాలుగో రోజు చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే గుళికల పొట్లాలు ఆఫీసులో అందరినీ అడిగి పదకొండు పోగుచేశాను. ఐదో రోజు డాబా మీద నీడలో ఆరబెట్టాను. ఆరో రోజు తయారుచేసిన కంపెనీకి పద్దెనిమిది అంశాలతో ఈమెయిలు రాశాను. మూడో రోజునే చిన్న సారు వచ్చి, "అన్నా, ఎందుకు పరేషానవుతున్నవ్? మేడమ్‌ను ఫోన్ల చదవమను. చాలు నాకు" అన్నాడు. నేను ఫోనులో పది నిమిషాలు చదివించి, రెండున్నర రెట్లతో విని చూశాను. సందులో మోతంతా మాటలతో పాటే పరుగెత్తింది. "గిట్ల వద్దు. రెండు రోజులాగు, మంచిగ చేసిస్తా" అన్నాను. "సరే అన్నా, నీకే ఎరుక" అని మెట్లు దిగాడు. ఆ ఏడు రోజుల్లో రెండు సాయంత్రాలు అత్త కిందికి వెళ్లి అతని పక్కన కూచుని చదివింది. కానీ అక్క పిల్లల గోల, టీవీ మధ్య ఒక్కసారి వింటే అతనికి చాలదు. నాలుగుసార్లు వినాలి.

ఏడో రోజు శనివారం. స్టేషన్ ఎదుటి సందులో యాంప్లిఫయర్లు బాగుచేసే దుకాణానికి వెళ్లాను. నాలుగడుగుల వెడల్పు. గోడల నిండా విప్పిన స్పీకర్లు. ముందు తెల్లగడ్డం ఆయన, నుదుటికి భూతద్దం కట్టుకొని ఉన్నాడు. పక్క దుకాణంవాళ్లు చాచా అని పిలుస్తుంటే నేనూ అలాగే పిలిచాను. మైకు బయటికి తీయగానే ఆయన పసుపు మరక చూసి నవ్వాడు.

"పండుగ చేసిన్రా దీనికి?"

"మా అత్త చేసింది చాచా."

"ఫికర్ వద్దు. ఒకసారి రంజాన్ పండుగకు ఒకాయన మసీదు మైక్‌కు అత్తరు పూసి తెచ్చిండు. అల్లా పేరు పలికేది, సువాసన రావాలె గదా అన్నడు. మీది కుంకుమ, వాళ్లది అత్తరు. రెండు నా దగ్గరికే వస్తయ్."

జాలీ విప్పాడు. దాని లోపలి వైపు సన్నటి నురుగు పొర ఒకటి ఉంది. కుంకుమంతా ఆ పొర మీదే ఆగిపోయింది. పట్టకారుతో దాన్ని తీసి నాకు చూపించాడు. అవతలి వైపు శుభ్రంగా ఉంది. తరవాత లోపలి భాగాన్ని దీపం కిందికి జరిపి భూతద్దంలో చాలాసేపు చూశాడు. నన్నూ చూడమన్నాడు. ఆ పలచటి పొర మీద తెల్లగా, చలికాలం అద్దం మీద ఊపిరి ఊదినట్టు, మసక పేరుకుని ఉంది.

"ఇది కుంకుమ కాదు బాబు. ముక్కు వెట్టి చూడు."

చూశాను. అత్త బీరువా వాసన.

"ఎక్కడ పెడ్తున్నరు దీన్ని?"

"బీరువల."

"డాంబర్ గోలీలున్నయా?"

"తొమ్మిది."

"మీద ఏమన్న కప్పిన్రా?"

"ప్లాస్టిక్ కవర్. రబ్బర్ బ్యాండ్ సుత వేసిన."

చాచా భూతద్దం పైకి లేపి నా ముఖం చూశాడు. "లెక్క మంచిగ చెప్తవ్ బాబు. ఇంజినీరా?"

అవునన్నాను.

గోలీ గట్టిగా కనిపించినా ఆవిరవుతూనే ఉంటుందని, మూసిన బీరువాలో ఆ ఆవిరి కవరు లోపలికి చేరితే బయటికి పోదని, రాత్రి చల్లబడ్డప్పుడల్లా కొంచెం కొంచెంగా పొర మీద కూచుంటుందని ఆయన చెప్పాడు. ఏ పదార్థం ఎలా ఆవిరవుతుందో నేను ఇంటర్మీడియెట్‌లోనే చదివాను. పరీక్షలో ఉదాహరణగా ఆ గోలీలనే రాశాను. వాటిని లెక్కపెట్టి నోట్‌బుక్కులో ఎక్కించుకున్నవాణ్ని కూడా నేనే.

"తుడిస్తే పోదా చాచా?"

"ఇది తుడిచేది కాదు, చినుగుతది. కొత్త పొర తెప్పియ్యాలె. నెల పడ్తది."

పరీక్ష సంగతి చెప్పాను. పద్నాలుగు రోజులుందని, ఇంకా ఇరవై ఒక్క పాఠాలున్నాయని, వినేది ఎవరని. ఆయన వింటూనే పైఅరలోంచి ఒక మైకు దించాడు. సుత్తిలాగా బరువుంది. తలకాయ ఒక పక్క సొట్టపోయింది.

"ఇది పెండ్లిళ్లది. ఎన్నిసార్లు కింద పడ్డదో దీనికే తెల్వదు. నీ దానిలెక్క నాజూకు కాదు. దూరం మాట దీనికి వినబడదు, మూతి దగ్గరి మాటనే వింటది. నీ పెట్టెల కరెంటు స్విచ్ బంద్ చెయ్యి, దీనికి కరెంటు వద్దు. ఆవాజ్ పెంచుకో. పరీక్ష అయినంక తెచ్చియ్యి."

ఇంటికి నడిచి వచ్చాను. అత్త సోఫాలో కూచుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. నేను నిలబడే చెప్పాను: కుంకుమ వల్ల కాదు, గోలీల వల్ల, నేను తొడిగిన కవరు వల్ల.

అత్త చేతులు ఆగాయి. "మామయ్య కోట్ల కోసమని నేనే వేసిన గద ఆ గోలీలు."

"వేసింది నువ్వే. వాటి మధ్యల మైకు వెట్టి మూత వేసింది నేను. నాకు తెలిసి ఉండాలె అత్తా. నేను చదువుకున్న ముచ్చటే అది."

"నా కుంకుమ కాదా మరి?"

"కాదు."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. అప్పటిదాకా ఆమె ఏడుస్తోందని నేను గమనించలేదు. ఎనిమిది రోజులుగా ఆమె బీరువా తెరవలేదని, బయట ఆరిన చీరలు కుర్చీ మీదే మడతపెట్టి ఉంచుతోందని కూడా అప్పుడే చూశాను. నిబంధన ఒకటి ప్రకారం.

"తప్పు నీదని నాకెందుకు చెప్తున్నవు? కిందికి పోయి వానికి చెప్పు. పోయిన దినాలు వానియి" అంది.

వెళ్లాను. చిన్న సారు అక్క పిల్లవాడికి ఎక్కాలు చెబుతున్నాడు. గోలీల సంగతి చెప్పాను. మూడో రోజు అతను ఫోను చాలన్నప్పుడు వినకపోవడం కూడా నా తప్పేనని చెప్పాను. ఫోనులోనే చదివించి ఉంటే కనీసం నాలుగు రోజులు దక్కేవి.

అతను పెద్దగా నవ్వాడు. "మొన్న మేడమ్ వచ్చి తప్పు నాదన్నది. ఇయ్యాల నువ్వొచ్చి నాదంటున్నవు. తప్పులు గిట్ల పంచుకున్నట్టు మార్కులు సుత పంచిస్తే ఎంత మంచిగుండు." ఆ తరవాత నవ్వు తగ్గించి, "అన్నా, నాకు మంచిగ వద్దు. జల్ది కావాలె. షురూ చెయ్యండి" అన్నాడు.

ఇరవై ఏడో రోజు మళ్లీ మొదలుపెట్టాం. బీరువా మూసేశాం. సొట్ట మైకును వంటగదిలో చిన్న స్టూలు మీద నిలబెట్టి, నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టాను. అత్తకు అది మొదటి క్షణంలోనే నచ్చింది. "ఇది మా బడి మైకు లెక్కనే ఉంది. ప్రేయరప్పుడు పట్టుకునేదాన్ని" అని చేతిలోకి తీసుకుంది. చేతిలో పట్టుకుంటే తీగ కదిలిన చప్పుడు పాఠంలోకి వస్తుందని చెప్పబోయి, ముందు ఆమెను ఒక నిమిషం అలా పట్టుకోనిచ్చాను. ఆమె గొంతు సవరించుకొని, "సావధాన్!" అంది. గీత ఎర్రబడలేదు.

ఎదురింటి కుక్కరు విజిల్ వేస్తున్నా రికార్డింగులో ఎక్కడో దూరాన ఈల వేసినంతే వచ్చింది. బడి ఆటోలు అసలు వినబడలేదు. అంటే నలభై ఐదు నిమిషాల కోసం ఐదున్నరకు లేవాల్సిన పని లేదు. పొద్దున ఒక విడత, నేను ఆఫీసు నుంచి వచ్చాక ఒక విడత. నేను లేనప్పుడు కూడా అత్తే రికార్డు చేసుకోవడం నేర్చుకుంది. ఎర్ర గుండ్రం నొక్కాలి, గీత పచ్చగా ఉందో లేదో చూడాలి, ఐపోయాక నలుపు చతురస్రం. ఒకసారి ఆపడం మరిచిపోయింది. ఆ పాఠం చివర పన్నెండు నిమిషాల పాటు ఆమె కూరగాయలమ్మే మనిషితో తోటకూర గురించి వాదించింది. చిన్న సారు ఆ భాగం తీసేయొద్దన్నాడు.

"అన్నా, ఇప్పుడు మేడమ్ నా పక్కన కూసోని చెప్తున్నట్టుంది. ముందుగాల చీరల దుకాణం లోపలికెల్లి పిలిచినట్టుండె" అన్నాడు.

"మరి ముందే ఎందుకు చెప్పలే?"

"నువ్వు అంత కష్టపడి బీరువ సర్దినవు. ఎట్ల చెప్పాలె?"

పద్నాలుగు రోజుల్లో పదిహేడు పాఠాలు చేశాం. చివరి రెండు రోజులు అత్త గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు తాగుతూ చదివింది. పరీక్ష ముందు రోజు సాయంత్రం ఆరింటికి ఆమె ముప్పై రెండో పాఠం ముగించి, గైడు తిరగేసి మిగిలిన పేజీలను బొటనవేలితో పట్టి చూసింది. నాలుగు పాఠాలు. "కిందికి పోయి చదివి వస్త" అని లేచింది. గొంతు పెగల్లేదు. చిన్న సారే పైకి వచ్చి, "చాలు మేడమ్. రేపు పొద్దున ఆల్ ద బెస్ట్ చెప్పనీకె గొంతు దాచుకోండి" అన్నాడు.

మర్నాడు అతని వెంట పరీక్ష కేంద్రం గేటు దాకా వెళ్లాను. ప్రశ్నలు చదివి, అతను చెప్పిన జవాబు నొక్కేందుకు వాళ్లిచ్చిన సహాయకుడు ఇంటర్ చదివే కుర్రాడు. ఆ పిల్లవాడు భయపడుతుంటే చిన్న సారు అతని భుజం మీద చెయ్యేసి, "ఏం కాదు తమ్మీ, నేనున్న గదా" అన్నాడు.

ఫలితాలు వచ్చిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను. అత్త ఫోను చేసి, "పాసైండురా!" అంది. ఎంతో చెప్పలేదు. నేను అడిగాను. "ఎనభై ఎనిమిది" అంది.

ఇంటికి వచ్చేసరికి అత్త పాయసం చేసింది. చిన్న సారు మా హాల్లో కూచుని తింటున్నాడు. రెండోసారి వేయించుకున్నాడు కూడా. కానీ వాళ్ల స్టాఫ్‌రూములో ఏం చెబుతాడో నాకు తెలుసు, అతనికీ తెలుసు. అర్హత వచ్చింది, అది అరవై వల్ల. తొంభైకి రెండు తక్కువ. నేను ప్రశ్నపత్రం తెరిచి, చదవని నాలుగు పాఠాల నుంచి ఎన్ని ప్రశ్నలు వచ్చాయో గుర్తులు పెట్టడం మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్ మీట చప్పుడు విని అతను గ్లాసు కింద పెట్టాడు.

"ఏం చేస్తున్నవ్ అన్నా?"

"ఏం లేదు. లెక్క చూస్తున్న."

"చూడకు. నేను చూసిన. ఆ నాలుగు పాఠాలకెల్లి వచ్చినయి మూడు. మూడూ కరెక్ట్ వెట్టిన. పోయినయన్నీ మీరు చదివినయే." అత్త వైపు తిరిగి, "మేడమ్, పిల్లల మనోవికాసం మీరు మస్తు మంచిగ చదివిన్రు. నేనే నిద్రపోయిన" అన్నాడు.

అది నిజమో, నేను ఫైలు మూసేయాలని అన్న మాటో నాకు తెలియదు. ఫైలు మూసేశాను. ఇప్పటిదాకా మళ్లీ తెరవలేదు.

పరీక్ష మళ్లీ రాయొచ్చు. ఎక్కువ మార్కులు వస్తే అవే లెక్కలోకి తీసుకుంటారు. మైకు తిరిగివ్వబోతే చాచా, "మళ్ల రాస్తడా? అయితే ఉంచుకో బాబు, దీనికిప్పుడు పెండ్లిళ్లు లేవు" అన్నాడు. కొత్త ప్రకటన ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. చిన్న సారు ఆగలేదు. ఫలితాలు వచ్చిన తరవాతి ఆదివారం, గైడు చంకలో పెట్టుకొని వచ్చి వంటగదిలో స్టూలు పక్కన కూచున్నాడు. మిగిలిన నాలుగింటిలో మొదటి పాఠం తీయమన్నాడు. అత్త కళ్లజోడు తుడుచుకొని, మైకు తనే సరిచేసుకొని, నాలుగు వేళ్లు అడ్డంపెట్టి దూరం చూసుకుంది. నేను ఎర్ర గుండ్రం నొక్కాను. ఆమె చదివింది. మధ్యలో ఒకసారి దగ్గింది, మూడుసార్లు పేజీ తిప్పింది. వేటినీ తీసేయలేదు.

పాఠం నిడివి ముప్పై ఎనిమిది నిమిషాల పది సెకన్లు.